తుపాను షెల్టర్ ఉన్న సీమ పల్లె: కాపీ కొట్టకుండా రాయడం పిల్లలకి నేర్పేదెట్లా?

నల్లబల్ల
అనంతపురం జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్తా. ఫస్టియర్ అయినాక పిల్లలు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేయాల కదా, 180 గంటలు. ఊర్లో ఇల్లిల్లూ తిరిగి సర్వే చేసి రిపోర్టు రాసియ్యాల. నిన్న రాత్రి ఆ రిపోర్టులు 42 ముందరేసుకుని కూర్చున్నా. పదిహేడో దాంట్లో ముక్క వినండి (ఇంగ్లీషులో రాసినాడు, నేను తెలుగు చేసి చెప్తున్నా): "మా గ్రామ ప్రజల ముఖ్య జీవనాధారం కొబ్బరి తోటలు, చేపల వేట. గ్రామంలో ఒక తుపాను షెల్టర్ ఉంది."

ఆ ఊరు కళ్యాణదుర్గం దగ్గర. అక్కడ పండేది చెనక్కాయ. అదీ వాన పడితే.

పిల్లోణ్ని పిలిచి అడిగితే బెదరలేదు, దబాయించలేదు. "ఊరి పేరు అన్ని చోట్లా మార్చినాను కదా సార్" అన్నాడు. ఎక్కడన్నా మర్చిపోయినానేమోనని నా ముందరే పేజీలు తిప్పి చూసుకున్నాడు పాపం. వాడి లెక్కలో ప్రాజెక్టు చేయడమంటే అదే. ఇంకో పదకొండు మందివైతే ఒకటే రిపోర్టు, కృతజ్ఞతల్లో ఉండే అచ్చుతప్పుతో సహా.

సున్నా వేయడం నాకూ వచ్చు. తప్పని తెలిసి చేసేవాడికి భయం చెప్పొచ్చు, తప్పని తెలీనోడికి ఏం చెప్పాల? క్లాసులో ఏదన్నా చేసి చూసినవాళ్లుంటే చెప్పండి. నీతిబోధలు వద్దు, అవి నా దగ్గరే శానా ఉండాయి.

మినపట్టు
షెల్టర్ సంగతి తర్వాత. ముందు చేపల వేట ఎక్కడో చెప్పండి, వీకెండ్ వస్తా.

నల్లబల్ల
ఊరి చెరువులో. నీళ్లుంటే.

గోదారిగట్టు
ఆగండాగండి. కొబ్బరి తోటలు, చేపల వేట, తుపాను షెల్టరు... అది మా కోనసీమ పిల్లల రిపోర్టేమోనండి. మావాళ్లు కష్టపడి ఊరంతా తిరిగి రాసుకుంటే మీవాళ్లు లారీలో వేసుకుపోయారన్నమాట.

లెక్కలమాస్టారు
సున్నా వేయండి. పన్నెండు మందికీ. వచ్చే ఏడు ఒక్కడు కూడా చేయడు. "తెలియదు" అనేది వాళ్లకి బాగా తెలిసిన మాట. నా 26 ఏళ్ల సర్వీసులో తెలియక కాపీ కొట్టినవాణ్ని ఒక్కణ్ని చూడలేదు.

రికార్డు_రాణి
మాస్టారూ, నేనే ఉన్నాను చూడండి. ఇంటర్‌లో బోటనీ రికార్డు సీనియర్ అక్కది పక్కన పెట్టుకుని దించాను. దించమని చెప్పింది మేడమే, "ఆ అమ్మాయిది నీట్‌గా ఉంది, అందరూ అలాగే రాయండి" అని. అక్క రికార్డులో ఒక బొమ్మకి భాగాల పేర్లు తారుమారయ్యాయి. క్లాసు మొత్తం తారుమారు. అందరికీ సంతకాలు పడ్డాయి. తర్వాత బీఈడీలో టీచింగ్ రికార్డులు చార్టులతో సహా డబ్బిచ్చి రాయించుకోవడం కళ్లారా చూశాను. ఆ బీఈడీ చేసినవాళ్లమే ఇప్పుడు పిల్లలకి పాఠాలు చెప్తున్నాం. ఎవరు ఎవరికి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

బ్యాక్‌లాగ్_బాబాయ్
నేను స్టూడెంట్‌ని, బీఎస్సీ థర్డ్ ఇయర్. మా వైపు నుంచి కూడా ఒక మాట. టెన్త్ దాకా గైడ్‌లో ఉన్నది ఉన్నట్టు రాస్తే ఫుల్ మార్కులు. సొంతంగా రాస్తే "ఇది పుస్తకంలో ఎక్కడుంది?" అంటూ కట్. పన్నెండేళ్లు అలా పెంచి, డిగ్రీలో ఒక రోజు పొద్దున్నే వచ్చి "పుస్తకంలో ఉన్నట్టు రాస్తే దొంగతనం" అంటారు. ఆ రోజు నేను ఆబ్సెంట్ అనుకుంటా.

మినపట్టు
కింది నుంచి రెండో బెంచీ తరఫున బాబాయ్‌కి సలాం.

ఓరుగల్లు_పోరడు
యూజీసీ రూలే ఉన్నది గద, వేరేటోళ్ల రాతతోని పోలిక 10 శాతం లోపటుంటే ఏం గాదు. గా పోరని రిపోర్టు కాపీ పట్టే సాఫ్ట్‌వేర్ల ఏసి, కలిసిన కాడ వచ్చే రంగులు సూపియ్యి సార్, వాడే దారికొస్తడు. మా పీహెచ్‌డీలోల్లందరం గట్లనే నేర్సుకున్నం.

లైబ్రరీ_పిల్లి
ఈ 10 శాతం మాట వింటే నాకు బీపీ. యూనివర్సిటీ లైబ్రరీలో ఆ సాఫ్ట్‌వేర్ ముందు కూర్చునేది నేనే కాబట్టి కొంచెం పెద్ద పోస్టు పెడుతున్నా, ఓపికుంటే చదవండి.

యూజీసీ నిబంధనలు 2018లో వచ్చాయి. పోలిక 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 అయితే ఆరు నెలల లోపు సరిచేసి మళ్లీ ఇవ్వాలి. 40 నుంచి 60 అయితే ఏడాది పాటు ఇవ్వడానికి లేదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఈ శిక్షలు థీసిస్‌లకి, పీజీ డిసర్టేషన్‌లకి. అసైన్‌మెంట్లు, ప్రాజెక్టు రిపోర్టులు, జవాబు పత్రాలు ఇందులోకి రావని నిర్వచనంలోనే రాసుంది. కాబట్టి నల్లబల్ల గారి పిల్లాడికి ఆ రూలు చూపిస్తే చెల్లదు.

రెండోది. సాఫ్ట్‌వేర్ చెప్పేది పోలిక, దొంగతనం కాదు. అది తేల్చాల్సింది మనిషే. మొన్న ఒకమ్మాయి ఏడుస్తూ వచ్చింది, 27 శాతం అని. కలిసి కూర్చుని చూశాం. రిఫరెన్సులు తీసేయకుండానే రన్ చేశారు, కాలేజీ వాళ్లిచ్చిన సర్టిఫికెట్ పేజీ, ప్రశ్నావళి అన్నీ ఎర్రగా వచ్చాయి. అవి పక్కన పెడితే 6. ఆ మధ్యాహ్నమే ఇంకొకాయన 8 శాతంతో నవ్వుతూ వచ్చాడు. ఆ 8 శాతమూ ఒకే చోట ఉంది: చివరి అధ్యాయంలో తన "ఫలితాలు" రెండు పేజీలు. మొత్తంగా ఇంకొకరివి. మొదట వచ్చిన అంకె ప్రకారం ఏడ్చినమ్మాయి దోషి, నవ్వినాయన నిర్దోషి.

రంగులు చూపిస్తే దారికొస్తారంటే, అవును వస్తారు. రంగు పోగొట్టే దారికి.

ఓరుగల్లు_పోరడు
గది కరెక్టే. 14 పదాలు వరసగ కలిసినా మినహాయింపు ఉన్నదని మా సీనియరొకాయన ప్రతి పదమూడో పదం దగ్గర ఒక మాట మార్సిండు. రెండు నెలలు గదే పని. గా రెండు నెలలల్ల సొంతంగ రాస్తె ఇంకో థీసిస్ అయితుండె.

లైబ్రరీ_పిల్లి
ఆ 14 పదాల మినహాయింపు కూడా అందరికీ తెలిసిన విషయాలకి, యాదృచ్ఛికంగా కలిసే మాటలకి. దోసిలితో తోడుకోమని కాదు.

తాళపత్రం
తెలుగు శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. మా శాఖలో ఈ రంగుల గొడవే లేదు లెండి. పాత థీసిస్‌లన్నీ అను ఫాంట్లలో టైపు చేసినవి. యూనికోడ్ కాదు కనుక యంత్రానికి అదంతా ఇంగ్లీషు అక్షరాల గజిబిజి. మిగతావి స్కాన్ చేసిన బొమ్మలు. ఇరవై ఏళ్ల నాటి సిద్ధాంత గ్రంథంలోంచి ఒక అధ్యాయం ఎత్తి యూనికోడ్‌లో టైపు చేయిస్తే సున్నా శాతం వస్తుంది. ఒకసారి పరీక్షకుడిగా వెళ్లి, నేను రాసిన పుస్తకంలోని నా వాక్యమే ఎదురుగా చదివి, ఎక్కడో విన్నట్టుందే అనుకున్నాను.

మినపట్టు
మీ వాక్యం మీకు నచ్చిందా మాస్టారూ, ముందు అది చెప్పండి.

తాళపత్రం
అప్పటికన్నా ఇప్పుడు బాగుందనిపించింది.

గోదారిగట్టు
మనకిది కొత్తేంటండీ. ముక్కు తిమ్మన గారి ముక్కు పద్యం రామరాజభూషణుడు కొనుక్కుని వసుచరిత్రలో పెట్టుకున్నాడని కథ చెప్పుకుంటూనే ఉన్నాం. కొనుక్కున్న పద్యానికి సిమిలారిటీ ఎంత వేస్తారు పిల్లి గారూ?

లైబ్రరీ_పిల్లి
100. కానీ బిల్లుందిగా.

అమీర్‌పేట్_అన్న
బిల్లు అన్నారు కాబట్టి మాట్లాడుతున్నా. 2012 నుంచి మూడేళ్లు అమీర్‌పేటలో ఒక ప్రాజెక్టుల షాపులో పనిచేశా. బీటెక్ ఫైనలియర్ సీజన్ వస్తే గోడకి లిస్టు అంటించేవాళ్లం, టైటిల్ ఎంచుకోవడమే. కోడ్, డాక్యుమెంటు, పీపీటీ, వైవాలో అడిగే ప్రశ్నలు, అన్నీ కలిపి ఒక సీడీ. ఒకే టైటిల్ ఒకే కాలేజీకి రెండుసార్లు అమ్మకూడదు, అదొక్కటే మా ధర్మం. బిర్యానీ సెంటర్‌లాగా ఉండేది, ఎక్స్‌ట్రా మాడ్యూల్ అంటే ఎక్స్‌ట్రా డబ్బు.

నిజం చెప్పాలంటే కొనేవాళ్లలో సగం మందికి సొంతంగా చేసే తెలివుంది. "గైడ్ ఎవరు?" అంటే పేరు చెప్పేవాళ్లు, "ఆయన ఎన్నిసార్లు కూర్చోబెట్టి మాట్లాడాడు?" అంటే నవ్వేవాళ్లు. అడిగేవాడు లేని చోట చేసేవాడెందుకుంటాడు?

పర్సెంటేజ్_తగ్గిస్తాం
[అమ్మకాల ప్రకటన. మోడరేటర్ తొలగించారు]

మినపట్టు
అన్నా, మీ పాత కొలీగ్ వచ్చి వెళ్లాడు.

డాలస్_దోసె
ఇక్కడ ఎమ్మెస్‌కి వచ్చిన మనవాళ్ల సంగతి చెప్తా, అంటే నా సంగతే. ఫస్ట్ సెమిస్టర్, ప్రోగ్రామింగ్ అసైన్‌మెంట్. నేను రాత్రి రెండింటి దాకా కూర్చుని చేశా. రూమ్మేట్ అడిగాడు, ఫైల్ ఇచ్చా. అడిగితే ఇవ్వకపోతే రేపట్నుంచి ఒకే కుక్కర్‌లో అన్నం ఎలా తింటాం? వాడు వేరియబుల్ పేర్లన్నీ మార్చాడు. నల్లబల్ల గారి పిల్లాడు ఊరి పేరు మార్చినట్టే.

ఇక్కడ మాస్ అని ఒక ప్రోగ్రాం వాడతారు, 1994లో అలెక్స్ ఐకెన్ చేసింది. అది పేర్లు చూడదు, కోడ్ అల్లిక చూస్తుంది. ఇద్దరినీ పిలిచారు. ఇద్దరికీ సున్నా. నాకు తల తిరిగిపోయింది, కొట్టినవాడితో సమానంగా ఇచ్చినవాడికీనా! సిలబస్ నాలుగో పేజీలో రాసే ఉంది, మనం చదివితే కదా. ఇంకోసారి దొరికితే కోర్సులోనే ఎఫ్, క్రెడిట్లు తగ్గితే వీసా మీదికే వస్తుంది.

మనకి కాపీ ఇవ్వడమంటే మంచితనం. పరీక్ష హాల్లో పేపరు కొంచెం పక్కకి జరపనివాణ్ని ఏమని పిలిచేవాళ్లమో గుర్తుందా? ఇది నేర్పకుండా సైటేషన్, అంటే ఏది ఎవరి మాటో పేరు పెట్టడం, నేర్పి లాభం లేదు.

బ్యాక్‌లాగ్_బాబాయ్
"మహానుభావుడు" అని పిలిచేవాళ్లం. వేరే మాటలు కూడా ఉన్నాయి.

లెక్కలమాస్టారు
దోసె గారు చెప్పింది నా మాటనే బలపరుస్తోంది. సున్నా పడింది, బుద్ధి వచ్చింది.

డాలస్_దోసె
రాలేదు మాస్టారూ. నాకు వచ్చింది భయం. ఆ సెమిస్టరంతా పక్కవాడితో చదువు గురించి మాట్లాడ్డమే మానేశా. ఏది మాట్లాడొచ్చు, ఏది కూడదు అన్న తేడా తర్వాత ఒక టీఏ (టీచింగ్ అసిస్టెంట్) అరగంట కూర్చోబెట్టి చెప్పాకే తెలిసింది: బోర్డు మీద కలిసి ఆలోచించండి, బోర్డు తుడిచేసి ఎవరి గదికి వాళ్లెళ్లి రాసుకోండి అని. ఆ ఒక్క ముక్క మొదటి రోజే చెప్పుంటే సరిపోయేది.

బొంతకుట్టు
ఇంగ్లీషు లెక్చరర్ని. "బోర్డు తుడిచేసి" అన్న మాట దగ్గర ఆగాను, ఎందుకంటే నా క్లాసులో అసలు చిక్కంతా అదే.

మా పిల్లలకి "మీ సొంత మాటల్లో రాయండి" అంటే ఏం చేస్తారో తెలుసా? మూల వాక్యం ఎదురుగా పెట్టుకుంటారు. ఒక్కో మాట మీద వేలు పెట్టి, దానికి పర్యాయపదం వెతికి పైన రాస్తారు. వాక్యం ఎముకలు అవే, చొక్కా మారుతుంది. దీనికి రెబెకా మూర్ హోవర్డ్ అనే ఆవిడ 1990ల్లో ప్యాచ్‌రైటింగ్ అని పేరు పెట్టారు. నా హ్యాండిల్ అక్కడిదే, బొంత కుట్టడం. ఆవిడ వాదం ఏమిటంటే ఇది దొంగబుద్ధి కాదు, కొత్త భాషలోకి అడుగుపెట్టేవాడు తడుముకుంటూ నడవడం.

ఇప్పుడా పర్యాయపదాల పని యంత్రాలు చేస్తున్నాయి. అచ్చయిన పరిశోధన వ్యాసాల్లోనే ఈ చిత్రాలు పట్టుకున్నారు కబనాక్, లాబె, మగజినోవ్ అనే ముగ్గురు, 2021లో. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ పోయి "కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్" అయింది, అంటే దొంగనోటు లాంటి స్పృహ. బిగ్ డేటా "కొలోసల్ ఇన్ఫర్మేషన్" అయింది. బ్రెస్ట్ క్యాన్సర్ "బోజమ్ పెరిల్" అయింది. నవ్వొస్తుంది కానీ ఆ మూడోది వైద్యానికి సంబంధించిన వ్యాసాల్లో ఉందంటే నవ్వు ఆగిపోతుంది.

మినపట్టు
నాకు ఆగలేదు, ఆఫీసులో అందరూ చూస్తున్నారు. కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్ మా మేనేజర్‌కి పుట్టుకతోనే ఉంది.

ఓరుగల్లు_పోరడు
మా దగ్గరొకడు "సిగ్నల్ టు నాయిస్ రేషియో"ను "ఫ్లాగ్ టు క్లామర్" అని రాసిండు. వైవాల ఎక్స్‌టర్నల్ సారు "ఏ జెండా నాయనా?" అని అడిగిండు. గంతే, ఖతం.

బ్యాక్‌లాగ్_బాబాయ్
మేడం, బొంత కుట్టడం ఎందుకంటే మా ఇంగ్లీషు మా దగ్గర లేదు కాబట్టి. నేను ఒకసారి సొంతంగా రాశా. సార్ ఎర్ర పెన్నుతో పేజీ అంతా కొట్టేసి "ఎక్కడి ఇంగ్లీషురా ఇది" అన్నారు. పక్కవాడు నెట్‌లోది దించాడు, వాడికి 9, నాకు 5. తర్వాత చాట్‌జీపీటీ వచ్చింది, ఇద్దరికీ 9. సొంతంగా రాయమనేది ఎవరు, సొంతంగా రాస్తే మార్కులు కోసేది ఎవరు? ఒక్కరే.

బొంతకుట్టు
నిజం. నా కాలేజీలో నేనే ఆ ఎర్ర పెన్ను అయ్యుండొచ్చు.

లెక్కలమాస్టారు
చాట్‌జీపీటీ పట్టుకునే సాఫ్ట్‌వేర్లు వచ్చాయిగా. అది వాడండి.

లైబ్రరీ_పిల్లి
వాటి జోలికి వెళ్లేముందు ఒకటి తెలుసుకోవాలి. 2023లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు 91 టోఫెల్ (ఇంగ్లీషు పరీక్ష) వ్యాసాల్ని ఏడు డిటెక్టర్లకిచ్చి చూశారు. అవన్నీ మనుషులు రాసినవి, ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లవి. సగటున 61 శాతం వ్యాసాల్ని యంత్రం రాసిందని తేల్చాయవి. అంటే సాదా మాటలతో జాగ్రత్తగా చిన్నచిన్న వాక్యాలు రాసే మన పిల్లాడే ముందు దొరికేది. బాబాయ్ రాసిన ఆ 5 మార్కుల పేపరుకి కూడా "యంత్రం" అనే ముద్ర పడొచ్చు.

బ్యాక్‌లాగ్_బాబాయ్
నా గ్రామర్ చూశాక యంత్రం అనదు లెండి. యంత్రానికీ పరువుంటుంది.

నల్లబల్ల
అందరికీ మెచ్చుకోళ్లు, కానీ నా ప్రశ్న అట్లే ఉంది. సోమవారం క్లాసుంది. ఏం చేయాల?

తాళపత్రం
ఒక చిన్న సంగతి చెప్తాను, పనికొస్తే వాడుకోండి. మన పిల్లలకి సైటేషన్ రాదంటున్నారు. వాళ్ల నోట్లో పుట్టుకతో ఉంది. "అట."

"పక్కింటాయన ఇల్లు అమ్మేశాడు" అని మూడేళ్ల పిల్ల అనదు. "అమ్మేశాడట" అంటుంది. తను చూడలేదు, ఎవరో చెప్పారు, ఆ చెప్పిన బాధ్యత వాళ్లది. ఇంత పనీ ఒక్క "ట" చేస్తుంది. చూసినదానికీ విన్నదానికీ తేడా మన క్రియలోనే ఉంది. ఇంగ్లీషు క్రియకి ఆ తోక లేదు, కాబట్టి వాళ్లు బ్రాకెట్లో పేరూ ఏడాదీ వేసుకుంటారు. మన పిల్లలు తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు ఆ "ట" దారిలో రాలిపోతుంది. రాలిన చోట పేరు పెట్టమనండి, చాలు.

మినపట్టు
ఇన్నేళ్లు మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అకడమిక్ ఇంటెగ్రిటీ పాటిస్తున్నామని తెలియలేదట.

బొంతకుట్టు
తాళపత్రం గారూ, ఇది రేపే చేసి చూస్తా.

రికార్డు_రాణి
నాకొక అనుమానం. "అట" అంటే సగం నమ్మకం లేనట్టు కదా? "డాక్టర్ గారు మందు వేసుకోమన్నారు" అంటాం. "వేసుకోమన్నారట" అంటే ఎగతాళి. పిల్లాడు "న్యూటన్ కనుక్కున్నాడట" అంటే సైన్సు మేడం చెవి మెలిపెడుతుంది.

తాళపత్రం
మంచి పట్టు పట్టావమ్మా. "అట"లో నేను పూచీ పడను అన్న రుచి ఉంది, ఒప్పుకుంటాను. నమ్మకం ఉన్నచోట "ఫలానా వారు చెప్పారు" అంటాం, పేరు ముందుకొస్తుంది. అయితే అది ఇంకా మంచిదేగా? పరిశోధనలోనూ రెండూ కావాలి, ఒప్పుకుంటూ చెప్పడం, అనుమానిస్తూ చెప్పడం. న్యూటన్ గారికి "ట" అక్కర్లేదు, ఆయన అందరికీ తెలిసినవాడు. పక్క ఊరి చెరువు లోతుకి కావాలి.

లెక్కలమాస్టారు
వ్యాకరణం పాఠం బావుంది. పన్నెండు మంది కాపీ సంగతి?

బొంతకుట్టు
రెండ్రోజుల తర్వాత. చేశాను. ఏం జరిగిందో జరిగినట్టు చెప్తా, పెద్ద విజయమేం కాదు.

ఒక పేరా ఇచ్చా, ఫ్లోరైడ్ నీళ్ల గురించి, ఇంగ్లీషులో. రెండుసార్లు చదివించా. కాగితం తిరగేసి బెంచీ మీద బోర్లా పెట్టమన్నా. ఇద్దరిద్దరు కూర్చుని, ఒకరికొకరు తెలుగులో చెప్పుకోవాలి, వినేవాడు "అట" వచ్చినప్పుడల్లా కాగితం మీద గీత గీయాలి. ఐదు నిమిషాలు క్లాసంతా సంతలా ఉంది. తర్వాతే పెన్ను. చెప్పిందే రాయాలి, తెలుగు మాట అడ్డొస్తే తెలుగే రాయమన్నా. గీతలున్న చోటల్లా మూలం పేరు పెట్టాలి.

38 మందిలో ఓ పాతికమంది రాసినవి నిజంగా వాళ్లవే. ఇంగ్లీషు ఘోరం, కానీ ఎవరిదాని ఘోరం వాళ్లది. ఒకమ్మాయి "వాటర్ ఈజ్ మేకింగ్ టీత్ పసుపు" అని రాసింది, ఆ ఒక్క వాక్యంలో ఆ అమ్మాయి పేరా చదివిందని నాకు నమ్మకం కుదిరింది. ఓ ఎనిమిది మంది కాగితం ఎత్తి చూసి దించేశారు. మిగతావాళ్లకి గుర్తేం రాలేదు, పేరా సరిగ్గా చదవలేదు కాబట్టి. ఆ రోజు గ్రామర్‌కి మార్కులు కోయలేదు. చేయి లాగింది గానీ ఆపుకున్నా.

బ్యాక్‌లాగ్_బాబాయ్
మేడం మీ కాలేజీ ఎక్కడ? ట్రాన్స్‌ఫర్ పెట్టుకుంటా.

ఓరుగల్లు_పోరడు
38 మందికి అయితది. మా తాన సెక్షన్‌కు 70. అందరు ఒక్కసారి మాట్లాడితే ప్రిన్సిపాల్ ఉరికొస్తడు.

అమీర్‌పేట్_అన్న
ఆ ఎనిమిది మంది నా పాత కస్టమర్లు. వాళ్లకి కూడా ఏదో ఒకటి ఆలోచించాలి. మా షాపులో అందరికీ వణుకు పుట్టించే ప్రశ్న ఒకటుండేది: "ఇందులో నీకు ఎక్కడ చిక్కుబడింది? ఎలా విప్పుకున్నావు?" వైవా ప్రశ్నల లిస్టులో దానికి మేం జవాబు రాయలేకపోయేవాళ్లం. చేసినవాడికే తెలుస్తుంది అది. ప్రతి ఒక్కణ్నీ రెండు నిమిషాలు ఆ ప్రశ్న అడగండి సార్, 42 మందే కదా.

లెక్కలమాస్టారు
ఇది ఒప్పుకుంటాను. అడిగి, చెప్పలేనివాడికి సున్నా.

డాలస్_దోసె
మాస్టారు సున్నా పాకెట్లో పెట్టుకుని తిరుగుతారనుకుంటా.

లెక్కలమాస్టారు
లెక్కలవాణ్ని. నాకు ముఖ్యమైన అంకె.

నల్లబల్ల
మూడు వారాలకి వచ్చినా. కాలేజీలో పనులు, మీకు తెలీనిదేముంది.

సున్నాలు వేయలేదు. పన్నెండు మందినీ మళ్లీ రాయమన్నా, ఈసారి ఒక్క పేజీ చాలన్నా. షరతు: నెట్‌లో దొరకని సంగతులు ఐదుండాల. ప్రతి సంగతీ ఎవరు చెప్పినారో, ఏ తేదీన చెప్పినారో పక్కన రాయాల. తెలుగులో రాసినా సరే. అమీర్‌పేట్ అన్న ప్రశ్న కూడా అందర్నీ అడిగినా. ఐదుగురు ఏడ్చినంత పని చేసినారు, ఇద్దరు ఇంతవరకూ ఇయ్యలేదు. ఒకడి ఐదు సంగతుల్లో మూడు వాళ్ల నాయన చెప్పినవే, మీ ఇంట్లో తప్ప ఊర్లో మనుషులు లేరా అంటే నవ్వినాడు.

తుపాను షెల్టర్ పిల్లోడు పేజీన్నర రాసినాడు. వాళ్ల వీధిలో బోరు ఎండినప్పుడు ట్యాంకరు ఏ టైముకొస్తుంది, బిందె ఎవరు ముందు పెడతారు, దాని మీద జరిగే కొట్లాట. అన్నిటి కిందా "అవ్వ చెప్పింది" అనే ఉంది. అవ్వ పేరు రాయరా అంటే, "అవ్వ పేరు నాకు తెలీదు సార్, అడిగి చెప్తా" అని పోయినాడు. మర్నాడు తెచ్చినాడు.

రికార్డు_రాణి
అవ్వ పేరు దగ్గర ఆగిపోయాను నేను.

మినపట్టు
అన్నీ సరే. చేపలు?

నల్లబల్ల
అడుగుతారనే చివరకి పెట్టుకున్నా. పేజీన్నరలో ఆఖరి సంగతి అదే. మూడేళ్ల కిందట వానలకి చెరువు నిండితే చేపపిల్లల్ని వదిలి, పెరిగినాక పంచాయతీ వాళ్లు వేలం పెట్టినారంట. పిల్లోడికి ఈ సంగతి ముందు తెలీదు, అడగబోతే తెలిసింది.

గోదారిగట్టు
అయితే చేపల వేట నిజమేనన్నమాట! మా రిపోర్టు మాకిచ్చేయండి, కొబ్బరి తోటలు మాత్రం మావే.

లెక్కలమాస్టారు
వేలం సంగతి ఎవరు చెప్పారో రాశాడా?

నల్లబల్ల
వేలం పాడినాయన పేరు రాసినాడు, ఎంతకి పాడినాడో రాసినాడు. నష్టమొచ్చిందని చెప్పినాడంట, దానికి మాత్రం "ట" పెట్టినాడు.